రొమ్ము క్యాన్సర్ ఉపరకాలు, వాటిని బట్టి మారే ఫలితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రొమ్ములోని గడ్డ క్యాన్సరేనని తేలగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నో స్టేజి?" అన్నది. అడగవలసిన ప్రశ్నే కాని, దానితో సగం సంగతే తెలుస్తుంది. ఒకే వయసులో, ఒకే దశలో ఉన్న ఇద్దరు స్త్రీలలో ఒకరికి శస్త్రచికిత్స తరువాత రోజుకొక మాత్ర సరిపోవచ్చు, మరొకరికి నెలల తరబడి కీమో అవసరం కావచ్చు. ఈ తేడాకు ప్రధాన కారణం కణితి ఉపరకం. బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకుని కూర్చున్నవారిని దృష్టిలో ఉంచుకుని ఈ సమాధానాలు రాశాము.

దశ, గ్రేడ్, ఉపరకం: ఈ మూడూ ఒకటేనా?

కావు. గడ్డ ఎంత పెద్దది, చంకలోని లింఫు గ్రంథులకు పాకిందా, ఎముకలకో ఊపిరితిత్తులకో కాలేయానికో చేరిందా అన్నది దశ చెబుతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ కణాలు మామూలు రొమ్ము కణాలకు ఎంత భిన్నంగా కనిపిస్తున్నాయో 1 నుంచి 3 వరకు వేసే లెక్క గ్రేడ్. ఆ కణాలు ఏ సంకేతాల బలంతో పెరుగుతున్నాయో, అంటే వాటిని ఏ మందుతో అడ్డుకోవచ్చో తెలిపేది ఉపరకం. ఇవి వేర్వేరు విషయాలే అయినా విడివిడిగా చూడకూడదు. అందుకే 2018 నుంచి అమలులోకి వచ్చిన అమెరికా దశల వర్గీకరణలో గ్రేడ్‌నూ, హార్మోన్ గ్రాహకాలనూ (హార్మోన్ల సంకేతాలను అందుకునే ప్రొటీన్లు), కణాల పెరుగుదలను ప్రేరేపించే హెర్2 అనే ప్రొటీన్‌నూ కూడా కలిపి దశను లెక్కించే పద్ధతి చేరింది.

మొత్తం ఎన్ని ఉపరకాలు ఉన్నాయి?

2000వ సంవత్సరంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 42 మంది నుంచి తీసిన రొమ్ము కణజాలంలో వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచి చూశారు. సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపించిన కణితులు జన్యువుల స్థాయిలో వేరువేరు గుంపులుగా విడిపోయాయి. లూమినల్ ఏ, లూమినల్ బి, హెర్2 ప్రధానమైనది, బేసల్ వంటిది అని ఇప్పుడు వాడుకలో ఉన్న పేర్లు ఆ పరిశోధన నుంచి, దాని వెంట వచ్చిన పరిశోధనల నుంచి పుట్టినవే.

అయితే ప్రతి రోగికీ అంత ఖరీదైన జన్యు పరీక్ష చేయడం ఎక్కడా సాధ్యం కాదు. కాబట్టి బయాప్సీ ముక్కకు రంగు పట్టించి చూసే ఐహెచ్‌సీ పరీక్షతో ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టరాన్ గ్రాహకం, హెర్2, కేఐ-67 అనే నాలుగింటిని కొలిచి ఉపరకాన్ని అంచనా వేస్తారు. ఇది అంచనా మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఐహెచ్‌సీలో ట్రిపుల్ నెగెటివ్‌గా (అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టరాన్ గ్రాహకం, హెర్2 మూడూ లేనిదిగా) తేలిన ప్రతి కణితీ జన్యువుల లెక్కలో బేసల్ గుంపులోకే రాదు.

రిపోర్టులోని ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 అంకెలను ఎలా చదవాలి?

ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం. క్యాన్సర్ కణాలలో కనీసం 1 శాతం రంగు పట్టినా దాన్ని పాజిటివ్ అంటారు. 1 నుంచి 10 శాతం మధ్య ఉన్నవాటిని మాత్రం "తక్కువ పాజిటివ్" అని విడిగా పేర్కొనాలని 2020 నుంచి నిపుణుల సంఘాలు సూచిస్తున్నాయి, ఎందుకంటే వాటిలో చాలా కణితుల నడత ట్రిపుల్ నెగెటివ్‌కు దగ్గరగా ఉంటుంది. 5 శాతం పాజిటివ్, 95 శాతం పాజిటివ్ రెండింటికీ రిపోర్టులో ఒకే మాట ఉండవచ్చు. కనుక మాటను కాక అంకెను చూడాలి. కొన్ని ప్రయోగశాలలు శాతంతో పాటు 8కి ఇన్ని అని ఆల్రెడ్ స్కోరు కూడా ఇస్తాయి. అందులో 7, 8 వస్తే హార్మోన్ చికిత్స బాగా పనిచేసే అవకాశం ఎక్కువ.

పీఆర్ అంటే ప్రొజెస్టరాన్ గ్రాహకం. ఈఆర్ ఉండి పీఆర్ లేకపోవడం, లేదా చాలా తక్కువగా ఉండడం, కణితి లూమినల్ బి వైపు మొగ్గుతున్నదనడానికి ఒక గుర్తు.

హెర్2కు 0, 1+, 2+, 3+ అని నాలుగు మెట్లు ఉంటాయి. 3+ అంటే పాజిటివ్. 2+ అంటే తేలలేదని అర్థం, అప్పుడు ఫిష్ అనే మరో పరీక్షతో హెర్2 జన్యువు ప్రతులు పెరిగాయో లేదో చూడాలి. డబ్బు ఖర్చవుతుందనో, ఆలస్యమవుతుందనో ఫిష్ చేయించకుండా 2+ను నెగెటివ్‌గా లెక్క వేసుకోవడం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ ఒక్క పరీక్ష మొత్తం చికిత్సనే మార్చగలదు.

కేఐ-67 ఎంత శాతం కణాలు విభజనలో ఉన్నాయో చెబుతుంది. ఈఆర్ బలంగా ఉండి, హెర్2 నెగెటివ్‌గా ఉండి, కేఐ-67 తక్కువైతే లూమినల్ ఏ, ఎక్కువైతే లూమినల్ బి. చిక్కల్లా తక్కువకూ ఎక్కువకూ మధ్య గీత ఎక్కడ అన్నదే. 14 అన్నవారున్నారు, 20 అన్నవారున్నారు. ఒకే స్లైడును ఇద్దరు పెథాలజిస్టులు చదివితే మధ్యస్థ అంకెలలో తేడా రావడం మామూలే. 5 లేదా అంతకంటే తక్కువ, 30 లేదా అంతకంటే ఎక్కువ అయితే నమ్మకంగా మాట్లాడవచ్చు. 17 వచ్చిందా 22 వచ్చిందా అని రాత్రంతా మథనపడడం వల్ల ప్రయోజనం లేదు.

ఏ ఉపరకంలో ఎంతమంది బతుకుతారు?

అమెరికా జాతీయ క్యాన్సర్ నమోదుల ప్రకారం, అన్ని దశలనూ కలిపి చూస్తే, అదే వయసు సాధారణ స్త్రీలతో పోల్చిన 5 ఏళ్ల మనుగడ హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ రకంలో సుమారు 95 శాతం. రెండూ పాజిటివ్ అయితే 91 శాతానికి అటూఇటూ. హార్మోన్ నెగెటివ్, హెర్2 పాజిటివ్ అయితే 86, 87 దరిదాపుల్లో ఉంటుంది. ట్రిపుల్ నెగెటివ్‌లో సుమారు 78.

ఈ వరుసను చూసి నిర్ణయానికి రావడానికి ముందు మరో లెక్క చూడాలి. ట్రిపుల్ నెగెటివ్ రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు 5 ఏళ్ల మనుగడ 90 శాతం దాటుతుంది. లింఫు గ్రంథులకు పాకితే 65 దరిదాపులకు పడిపోతుంది. దూరపు అవయవాలకు చేరితే 15 శాతానికి మించదు. అంటే తొలిదశలో దొరికిన ట్రిపుల్ నెగెటివ్ రోగి పరిస్థితి, శరీరమంతా పాకిన "మంచి రకం" (హార్మోన్ పాజిటివ్) రోగి పరిస్థితి కంటే ఎంతో మేలు. పైగా ఇవి అమెరికా అంకెలు, కొన్నేళ్ల కిందట చికిత్స పొందినవారివి. వీటిని తెచ్చి మన ఇంటి మనిషికి యథాతథంగా అంటగట్టకూడదు.

5 ఏళ్లు గడిస్తే ప్రమాదం దాటినట్టేనా?

ఉపరకాన్ని బట్టి ఉంటుంది. రోగులకు అందరికంటే ఆలస్యంగా తెలిసే సంగతి ఇదేనని మా అభిప్రాయం.

ట్రిపుల్ నెగెటివ్ తిరగబెడితే ఎక్కువగా మొదటి 3 ఏళ్లలోనే తిరగబెడుతుంది. 5 ఏళ్లు నిక్షేపంగా గడిస్తే ఆ తరువాత ప్రమాదం బాగా తగ్గిపోతుంది. హార్మోన్ పాజిటివ్ రకం నడక వేరు. మొదటి ఏళ్లలో నెమ్మదిగా ఉంటుంది కాని, ప్రమాదం పూర్తిగా పోదు, ఏటా కొద్దికొద్దిగా మిగిలే ఉంటుంది. 2017లో వెలువడిన పెద్ద విశ్లేషణ ఒకటి, 5 ఏళ్ల హార్మోన్ చికిత్స పూర్తి చేసి అప్పటికి ఏ జబ్బూ లేని స్త్రీలను 20వ ఏడు వరకు గమనించింది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉండి, గ్రంథులకు పాకనివారిలో కూడా 5 నుంచి 20 ఏళ్ల మధ్య 13 శాతం మందికి జబ్బు దూరపు అవయవాల్లో తిరిగి కనిపించింది. 1 నుంచి 3 గ్రంథులకు పాకి ఉంటే ఆ లెక్క 20 శాతం, 4 నుంచి 9 గ్రంథులకైతే 34 శాతం.

కాబట్టి "మంచి రకం" అన్న మాటను విని మాత్రలు మధ్యలో మానేయడం సరికాదు. ఆ రకం మంచిదైనది చాలావరకు ఆ మాత్రల వల్లనే. 5 ఏళ్లు టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 15 ఏళ్ల కాలంలో దాదాపు మూడో వంతు తగ్గాయి. ఇంత మేలు చేసే మాత్ర రోజుకు కొద్ది రూపాయలకే దొరుకుతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, కీళ్ల నొప్పులు వంటివి భరించలేకపోతే వైద్యుని అడిగితే మందు మార్చే వీలుంటుంది. చెప్పకుండా మానేసినవారికి ఆ దారి కూడా ఉండదు.

మాత్రలు వాడుతూ ఉండగా పిల్లలు కావాలనుకుంటే?

టామాక్సిఫెన్ వాడుతూ గర్భం దాల్చకూడదు. అయితే 18 నుంచి 30 నెలలు హార్మోన్ చికిత్స తీసుకున్న తరువాత, గర్భం కోసం 2 ఏళ్ల వరకు విరామం ఇచ్చిన యువతులలో సుమారు 3 ఏళ్ల గమనికలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదని 2023లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం చూపింది. పైన చెప్పిన 20 ఏళ్ల లెక్కతో పోలిస్తే ఇది చిన్న గమనికే, కనుక విరామం తరువాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టడం తప్పనిసరి.

హెర్2 పాజిటివ్ అంటే ప్రమాదకరమని విన్నాము. నిజమేనా?

ఒకప్పుడు నిజం. 1987లో లాస్ ఏంజెలెస్‌లోని డెనిస్ స్లేమన్ బృందం హెర్2 జన్యువు ప్రతులు పెరిగిన కణితులు త్వరగా తిరగబెడుతున్నాయని, ఆ రోగులు తక్కువ కాలం బతుకుతున్నారని చూపింది. ఆ హెర్2నే గురి చేసుకున్న ట్రాస్టుజుమాబ్ మందుకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలిదశ రోగులలో కీమోకు దీన్ని జోడించినప్పుడు 10 ఏళ్ల మనుగడ 75 శాతం నుంచి 84 శాతానికి పెరిగింది. జబ్బు పాకినవారిలో హెర్2ను గురి చేసే మరో మందు పెర్టుజుమాబ్‌ను కూడా చేర్చినప్పుడు సగటు మనుగడ 40.8 నెలల నుంచి 56.5 నెలలకు చేరింది. అలాంటివారిలో 8 ఏళ్ల తరువాత కూడా మూడో వంతుకు పైగా జీవించి ఉన్నారు. జబ్బు పేరు అదే, గడ్డ అదే, మందు వచ్చాక ఫలితం తారుమారైంది. ఉపరకానికీ ఫలితానికీ ఉన్న సంబంధం ప్రకృతి గీసిన గీత కాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ రొమ్ము క్యాన్సర్ చరిత్రలో లేదు.

దీనికి మరో వైపు కూడా చెప్పాలి. మందు అందనివారికి హెర్2 పాజిటివ్ ఇంకా 1987 నాటి జబ్బే. భారతదేశంలో ట్రాస్టుజుమాబ్ ధర చాలాకాలం మధ్యతరగతికి కూడా అందనంత ఎత్తున ఉండేది. 2014 నుంచి మన దేశంలో తయారైన బయోసిమిలర్లు (అసలు మందును పోలిన రూపాలు) రావడం, తరువాత అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఈ మందు చేరడం వల్ల పరిస్థితి కొంత మారింది. సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. 2 ఏళ్లు ఇచ్చినా అదనపు మేలు లేదని తేలింది. గుండె కండరంపై ప్రభావం పడవచ్చు కనుక చికిత్స సాగినంత కాలం సుమారు 3 నెలలకోసారి ఎకో తీయించాలి.

"హెర్2-లో" (హెర్2 తక్కువ) అని కొత్తగా రాస్తున్నారు. అదేమిటి?

ఐహెచ్‌సీలో 1+ ఉన్నవి, 2+ ఉండి ఫిష్‌లో నెగెటివ్ వచ్చినవి ఈ పేరు కిందికి వస్తాయి. ఇన్నాళ్లూ వీటిని నెగెటివ్ అనే పక్కన పెట్టేవారు. 2022లో, పాకిన జబ్బు ఉన్న ఇలాంటి రోగులలో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందు సగటు మనుగడను 16.8 నెలల నుంచి 23.4 నెలలకు పెంచింది. అప్పటి నుంచి 0కీ 1+కీ తేడా లెక్కలోకి వచ్చింది. మందు ఖరీదు మాత్రం చాలా ఎక్కువ.

ట్రిపుల్ నెగెటివ్ అంటే మందు లేదనా అర్థం?

కాదు. హార్మోన్ మాత్రలు, హెర్2 మందులు పనిచేయవని మాత్రమే అర్థం. "నెగెటివ్" అన్న మాట చెడ్డ అపార్థాలకు దారి తీస్తోంది. రిపోర్టులో మూడు నెగెటివ్‌లు చూసి క్యాన్సర్ లేదని సంతోషించినవారూ ఉన్నారు, ఆశ లేదని చికిత్స మానుకున్నవారూ ఉన్నారు. రెండూ తప్పే.

కీమోకు బాగా లొంగే రకాలలో ఇదొకటి. రొమ్ము క్యాన్సర్ కీమో చరిత్రలో తెలుగువారి చెయ్యి కూడా ఉందని ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవచ్చు. 1976లో ఇటలీలోని మిలాన్ వైద్యులు ఫలితాలు ప్రకటించిన సీఎంఎఫ్ అనే మూడు మందుల కలయికలో 'ఎం' మెథోట్రెక్సేట్. ఆ కోవ మందులను లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయించిన శాస్త్రవేత్త భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

నేడు రెండో, మూడో దశ ట్రిపుల్ నెగెటివ్‌లో కీమోతో పాటు పెంబ్రొలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి పురిగొల్పే మందు) ఇస్తే 5 ఏళ్ల మనుగడ 81.7 శాతం నుంచి 86.6 శాతానికి పెరిగింది. ఈ మందు లక్షలతో కూడిన వ్యవహారం. అంత ఖర్చు లేని దారి కూడా ఒకటుంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 700 మందికి పైగా రోగులలో, పాత మందైన కార్బోప్లాటిన్‌ను కీమోకు జోడించి చూసింది. 50 ఏళ్లలోపు స్త్రీలలో మనుగడ స్పష్టంగా మెరుగుపడింది. మన వైద్యులు మన రోగులలో, మనకు అందే ధరలో చేసిన పరీక్ష కనుక తెలుగు రాష్ట్రాల రోగులకు దీని విలువ ఎక్కువని మేము భావిస్తాము.

ట్రిపుల్ నెగెటివ్‌లో కూడా లోపలి రకాలు ఉన్నాయి. అడినాయిడ్ సిస్టిక్, సెక్రిటోరీ అనే అరుదైన రకాలు మూడు నెగెటివ్‌లతో ఉన్నా నెమ్మదైనవి. మెటాప్లాస్టిక్ రకం మొండిది. అందుకే రిపోర్టులో కణితి రకం రాసిన వాక్యాన్ని కూడా చదవాలి.

శస్త్రచికిత్సకు ముందే కీమో ఎందుకు ఇస్తున్నారు? గడ్డ పెరిగిపోదా?

హెర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగెటివ్ రకాలలో గడ్డ 2 సెంటీమీటర్లు దాటినా, గ్రంథులకు పాకినా ముందుగా మందులివ్వడమే ఇప్పుడు ఎక్కువగా అనుసరిస్తున్న పద్ధతి. గడ్డ చిన్నదై రొమ్మును నిలుపుకొనే వీలు కలుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, మందు ఆ శరీరంలో పనిచేస్తున్నదో లేదో కళ్లెదుటే తెలుస్తుంది. తీసిన కణజాలంలో జీవించి ఉన్న క్యాన్సర్ ఏమీ మిగలకపోతే భవిష్యత్తు చాలా ఆశాజనకంగా ఉంటుంది. మిగిలితే అధైర్యపడవలసిన పని లేదు, మందు మార్చవలసిన పని ఉంది. హెర్2 రకంలో అలా మిగిలినవారికి టీ-డీఎం1 అనే మందు ఇస్తే తిరగబెట్టే ముప్పు సగానికి తగ్గింది. ట్రిపుల్ నెగెటివ్‌లో కేపెసిటబిన్ మాత్రలు ఇచ్చినప్పుడు 5 ఏళ్ల మనుగడ 70.3 నుంచి 78.8 శాతానికి పెరిగిందని జపాన్, కొరియా వైద్యులు చూపారు. ముందే కోసి తీసేస్తే ఈ సమాచారం దొరకదు. లూమినల్ ఏ రకంలో మాత్రం కీమోకు గడ్డ పూర్తిగా కరగడం అరుదు, కరగకపోయినా ఫలితం చెడ్డదని కాదు.

హార్మోన్ పాజిటివ్ అయితే కీమో తప్పించుకోవచ్చా?

చాలామంది తప్పించుకోవచ్చు. కణితిలోని 21 జన్యువులను కొలిచే ఆంకోటైప్ డీఎక్స్ పరీక్షలో, గ్రంథులకు పాకని రోగులకు 11 నుంచి 25 మధ్య స్కోరు వస్తే కీమో వల్ల మొత్తం మీద అదనపు మేలు లేదని 2018లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిగిన పరీక్ష తేల్చింది. 50 ఏళ్లలోపువారిలో 16 లేదా అంతకు మించి వస్తే కొంత మేలు కనిపించింది. ఈ పరీక్ష ఖరీదు ఎక్కువ. ఐహెచ్‌సీ ఆధారంగానే పనిచేసే కాన్‌అసిస్ట్ బ్రెస్ట్ అనే పరీక్షను బెంగళూరు సంస్థ ఒకటి రూపొందించింది. హెర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగెటివ్ రోగులకు ఇవి వర్తించవు కనుక వారు వీటిపై డబ్బు పెట్టనవసరం లేదు.

మన దగ్గర ఉపరకాల లెక్క వేరా?

కొంత వేరు. పాశ్చాత్య దేశాలలో రొమ్ము క్యాన్సర్లలో 10 నుంచి 15 శాతం ట్రిపుల్ నెగెటివ్ అయితే, భారతీయ ఆసుపత్రుల లెక్కలలో అది పావు వంతు నుంచి మూడో వంతు వరకు కనిపిస్తోంది. మన రోగుల వయసు తక్కువగా ఉండడం ఇందుకు ఒక కారణం, కణజాలాన్ని సరిగా నిలవ చేయకపోవడం వల్ల వచ్చే తప్పుడు నెగెటివ్‌లు మరో కారణం. 2022లో దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మంది మరణించారని అంతర్జాతీయ అంచనా. జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 2020 నివేదికలో, వయసు సర్దుబాటు చేసిన లెక్కన హైదరాబాద్ జిల్లా లక్షకు 48తో దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. మరణాలు ఇంత ఎక్కువగా ఉండడానికి ఉపరకం కంటే ఆలస్యంగా రావడం, చికిత్స మధ్యలో ఆగిపోవడం పెద్ద కారణాలు.

రిపోర్టు తప్పయ్యే అవకాశం ఉందా?

ఉంది, అది ఎక్కువగా ప్రయోగశాలకు చేరకముందే జరుగుతుంది. తీసిన ముక్కను గంటలోపే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. చిన్న ఊరి ఆసుపత్రిలో గడ్డను మొత్తంగా తీసి, చాలీచాలని ద్రావకంలో వేసి, బస్సులో నగరానికి పంపితే లోపలి భాగం పాడై ఈఆర్ ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. దానితో చవకైన, పనిచేసే మాత్ర రోగికి దక్కకుండా పోతుంది. అందుచేత గడ్డను కోసి తీయడానికి ముందు సూదితో కోర్ బయాప్సీ చేయించడం మంచిది. గ్రేడ్ 1 అని, ఈఆర్ నెగెటివ్ అని ఒకే రిపోర్టులో ఉంటే పరీక్షను మళ్లీ చేయమని అడగడం న్యాయమే. ప్యారఫిన్ బ్లాకులు (మైనంలో పొదిగి నిలవ చేసిన కణజాలం) రోగి అడిగితే ఇస్తారు, వాటిని మరో పెథాలజిస్టుకు చూపించవచ్చు.

జబ్బు తిరగబెట్టినప్పుడు ఉపరకం మారుతుందా?

కొందరిలో మారుతుంది. ఈఆర్ పోవచ్చు, హెర్2 కొత్తగా కనిపించవచ్చు. వీలైన చోటల్లా కొత్త గడ్డ నుంచి మళ్లీ ముక్క తీసి చూడడం అందుకే. తిరగబెట్టే చోటు కూడా రకాన్ని బట్టి ఉంటుంది. లూమినల్ రకాలు ఎముకలను ఎక్కువగా ఆశ్రయిస్తాయి. హెర్2, ట్రిపుల్ నెగెటివ్ రకాలలో మెదడు, ఊపిరితిత్తులకు పాకడం ఎక్కువ. హెర్2 రోగికి విడవని తలనొప్పి వస్తే దాన్ని సైనస్ అని తోసిపుచ్చకూడదు.

అమ్మకు ట్రిపుల్ నెగెటివ్ వచ్చింది. కూతుళ్లకు పరీక్ష అవసరమా?

ముందు పరీక్ష అమ్మకు జరగాలి. బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నవారికి వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ట్రిపుల్ నెగెటివ్. బీఆర్‌సీఏ2 లోపంలో ఎక్కువగా హార్మోన్ పాజిటివ్ వస్తుంది. అమ్మ రక్త పరీక్షలో లోపం దొరికితే కూతుళ్లకే కాదు, కొడుకులకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు కూడా అదే లోపం కోసం చూడవచ్చు, ఎందుకంటే ఇది తండ్రి నుంచి కూడా సంక్రమిస్తుంది. అమ్మకు కూడా దీనితో ప్రయోజనం ఉంది. ముప్పు ఎక్కువగా ఉన్న బీఆర్‌సీఏ రోగులలో ఏడాది పాటు ఒలాపారిబ్ మాత్రలు మనుగడను పెంచుతాయని తేలింది. పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని పరీక్షను దాటవేసే కుటుంబాలు ఉన్నాయి. వారి భయం అర్థం చేసుకోదగినదే, కాని జన్యు సలహాదారుతో ఒక్కసారి మాట్లాడినంత మాత్రాన ఎవరికీ ఏదీ తెలియపరచవలసిన అవసరం రాదు.

పురుషులకు వస్తే?

మొత్తం రొమ్ము క్యాన్సర్లలో సుమారు 1 శాతం పురుషులకు వస్తాయి. వాటిలో 90 శాతం దాకా హార్మోన్ పాజిటివ్, కనుక టామాక్సిఫెన్ వారికీ ప్రధానమైన మందే. పురుషులు ఆలస్యంగా ఆసుపత్రికి రావడం వల్ల దశ మాత్రం తరచూ ముదిరి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్న పురుషుడు ఎవరైనా బీఆర్‌సీఏ పరీక్ష చేయించుకోవడం మంచిది.